ఊపిరి గొట్టం పక్కన బిళ్లలు: సీటీ రిపోర్టు చేతికొచ్చాక ఏం చేయాలి

నెల రోజులుగా దగ్గు తగ్గదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతుంది. అమలాపురంలోనో భీమవరంలోనో ఛాతీకి సీటీ తీయిస్తారు. రిపోర్టులో ఊపిరితిత్తుల గురించి నాలుగు మాటలు రాసి, చివర్లో ఒక్క వాక్యం పెడతారు: "రైట్ లోయర్ పారాట్రాకియల్ నోడ్, 18 × 14 మి.మీ., సెంట్రల్ నెక్రోసిస్ ఉంది." ఇంటికి చేరేలోపే ఒకరు టీబీ అంటారు, ఒకరు క్యాన్సర్ అంటారు, మందుల షాపులో ఇంకెవరో వారం రోజుల కోర్సు చేతిలో పెడతారు.

ఆ వాక్యంలో జబ్బు పేరు ఎక్కడా లేదు. వెతకాల్సిన చోటు మాత్రం చెప్పారు. పేరు తేలాలంటే చాలాసార్లు ఆ బిళ్లలోంచి కాస్త ముక్క బయటికి రావాలి. ముక్క ముందు, మందు తర్వాత. ఈ వరస తప్పి నెలలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, రిపోర్టు చదవడం దగ్గర్నుంచి మందు మొదలయ్యేదాకా ఏ అడుగు తర్వాత ఏది వేయాలో వివరంగా రాస్తున్నాం.

ఈ బిళ్లలు ఎక్కడుంటాయి, ఎందుకు కడతాయి

కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. బోదకాలు జ్వరాలు చూసిన గోదావరి పల్లెల్లో ఈ సంగతి ఎవరికీ కొత్త కాదు. అలాంటి బిళ్లలే ఛాతీలో ఊపిరి గొట్టం చుట్టూ కూడా ఉంటాయి. డాక్టర్లు వీటిని లింఫ్ గ్రంథులంటారు. ఇవి అందరికీ ఉంటాయి, పుట్టుకతోనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చిక్కుడు గింజ ఆకారంలో, సెనగ గింజంత ఉంటాయి.

ఊపిరి గొట్టం స్వరపేటిక కింద మొదలై 10 నుంచి 12 సెంటీమీటర్లు దిగుతుంది. రొమ్ము ఎముక మీద, మెడ గుంట కింద కాస్త దిగువన వేలికి ఒక అడ్డగట్టు తగులుతుంది చూడండి, దాదాపు ఆ ఎత్తులోనే గొట్టం రెండుగా చీలి కుడి, ఎడమ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆ చీలికకు పైన గొట్టానికి అటూ ఇటూ ఉన్నవి పారాట్రాకియల్ గ్రంథులు, ముందున్నవి ప్రీట్రాకియల్, చీలిక సందులో కింద ఉన్నవి సబ్‌కెరైనల్.

డెల్టాలో నీరు దిగే దారి తెలిసినవాళ్లకు వీటి పని తేలిగ్గా అర్థమవుతుంది. చేలో నీరు బోదెలోకి, బోదెలోంచి మురుగు కాలువలోకి, కాలువలోంచి డ్రెయిన్‌లోకి దిగినట్టే, ఊపిరితిత్తుల్లో ఊరే పల్చటి నీరు లోపలి సన్న నాళాల్లోంచి ఊపిరితిత్తి మొదట్లో ఉండే గ్రంథుల్లోకి, అక్కడినుంచి ఊపిరి గొట్టం పక్క గ్రంథుల్లోకి ఎక్కి, చివరికి మెడ కింద పెద్ద సిరల్లో కలుస్తుంది. దారిలో క్రిమి, దుమ్ము, క్యాన్సర్ కణం ఏదొచ్చినా ఈ గ్రంథులు లాకుల్లా పట్టి ఆపుతాయి. ఆపినప్పుడు ఉబ్బుతాయి.

ఒక మెలిక గుర్తుంచుకోవాలి. ఎడమ ఊపిరితిత్తి కింది భాగం నుంచి వచ్చే కాలువలు కొన్ని దాటి కుడి పక్కకు వెళ్తాయి. ఎడమవైపు జబ్బుకి కుడివైపు బిళ్ల కట్టిందంటే రిపోర్టు తప్పని అనుకోనక్కర్లేదు.

రిపోర్టును మాట మాటగా చదవడం

ముందు కొలత. 18 × 14 అని రెండంకెలుంటే చిన్నదాన్నే చూడాలి. చిక్కుడు గింజను పొడవుగా కాక అడ్డంగా కొలిచినట్టు. దాన్ని షార్ట్ యాక్సిస్ అంటారు. అది 10 మి.మీ. దాటితే పెద్దదైనట్టు లెక్క. చీలిక సందులో ఉండే గ్రంథికి 12 మి.మీ. వరకు చాలామంది రేడియాలజిస్టులు వదిలేస్తారు. వేరే పనిమీద తీసిన సీటీలో ఏ లక్షణమూ లేకుండా, మామూలు ఆకారంతో, 15 మి.మీ. లోపు బిళ్ల కనిపిస్తే సాధారణంగా వెంటపడక్కర్లేదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లకు ఈ సడలింపు వర్తించదు.

కొలత ఒక్కటే తీర్పు చెప్పదు. 8 మి.మీ. గ్రంథిలో క్యాన్సర్ కణాలు దొరకొచ్చు, 20 మి.మీ. గ్రంథి మొన్నటి న్యుమోనియా తాలూకు వాపు కావచ్చు. కాబట్టి పక్కనున్న మాటలు చదవాలి. "ఫ్యాటీ హైలమ్" అంటే గ్రంథి మధ్యలో కొవ్వు చెక్కుచెదరకుండా ఉందని, అది మంచి కబురే. "సెంట్రల్ నెక్రోసిస్", "రిమ్ ఎన్‌హాన్స్‌మెంట్" అంటే మధ్యలో కుళ్లి నల్లగా, అంచు మాత్రం ఉంగరంలా తెల్లగా మెరుస్తోందని. మన దేశంలో ఈ ఉంగరం చూస్తే మొదట టీబీయే తలపుకొస్తుంది, అయితే కొన్ని క్యాన్సర్లు కూడా ఇలాగే కనిపిస్తాయి. "కాన్‌గ్లోమరేట్" అంటే నాలుగైదు బిళ్లలు ముద్దగా అతుక్కున్నాయని. "కాల్సిఫైడ్" అంటే సున్నం పట్టిందని, ఎక్కువగా పాతది, మానింది. అంచున మాత్రమే గుడ్డుపెంకులా సున్నం ఉంటే రాతి దుమ్ములో పనిచేశారా అని అడగాలి, సిలికోసిస్‌లో అలా వస్తుంది.

తర్వాత అంకెలు. 2ఆర్, 2ఎల్, 4ఆర్, 4ఎల్, 7 అని రాస్తారు. 2009లో అంతర్జాతీయంగా ఖాయం చేసిన పటంలో గ్రంథులుండే చోట్లకు ఇవి ఇంటి నంబర్లు. 2 అంటే గొట్టం పై భాగం, 4 అంటే కింది భాగం, 7 అంటే చీలిక కింద. ఆర్ అంటే కుడి, ఎల్ అంటే ఎడమ. ఇక్కడ గమ్మత్తేమిటంటే కుడి ఎడమల గీత గొట్టం నట్టనడుమ గీయరు, గొట్టం ఎడమ అంచున గీస్తారు. గొట్టానికి సరిగ్గా ఎదురుగా ఉన్న గ్రంథి కూడా కుడి లెక్కలోకే వస్తుంది. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఈ ఒక్క గీత వల్ల ఆపరేషన్ అవుతుందా కాదా అన్నది మారిపోతుంది. ఆ సంగతి కింద వస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం: సీటీ ఎలా తీశారు? కోవిడ్ తర్వాత దగ్గు అనగానే ప్లెయిన్ హెచ్‌ఆర్‌సీటీ తీయించడం అలవాటైంది. ఊపిరితిత్తి చూడ్డానికి అది బాగానే పనికొస్తుంది గానీ, రక్తనాళంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించకపోతే గ్రంథి ఏదో రక్తనాళం ఏదో విడిగా తెలియదు, ఆ ఉంగరం అసలే కనబడదు. గ్రంథుల మీద అనుమానం ఉంటే కాంట్రాస్ట్ సీటీయే కావాలి. దానికి ముందు కిడ్నీల పని చూసే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి. మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, గతంలో కాంట్రాస్ట్ పడకపోయినా, ఆస్తమా ఉన్నా ముందే చెప్పాలి. కాగితం, ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ అడిగి తీసుకోండి. ముక్క తీసే డాక్టరుకు ఫిల్ము చాలదు, పొరపొరగా తిప్పి చూడాలి. సీడీ లేక మళ్లీ సీటీ తీయించుకుంటే డబ్బూ పోతుంది, రేడియేషనూ రెండోసారి పడుతుంది.

ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి

కుడి పారాట్రాకియల్ గ్రంథుల పక్కనే తల, చేతుల రక్తాన్ని గుండెకు దించే పెద్ద సిర ఉంటుంది. బిళ్ల దాన్ని నొక్కితే పొద్దున లేచేసరికి ముఖం, కళ్లు ఉబ్బుతాయి, చొక్కా కాలరు బిగుస్తుంది, మెడ మీద, రొమ్ము మీద సిరలు తేలతాయి, వంగితే తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. ఇది అదే రోజు పెద్దాసుపత్రిలో చూడాల్సిన విషయం. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు ఈల వేసినట్టు శబ్దం వస్తున్నా, దగ్గులో టీగ్లాసుకు సగం మించి రక్తం పడినా 108కి ఫోన్ చేయాలి. దారిలో మనిషిని వెల్లకిలా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకెళ్లాలి. రక్తం పడుతుంటే, జబ్బు ఏ పక్కనుందో తెలిస్తే ఆ పక్కకు ఒత్తిగిలి ఉంచితే మంచి ఊపిరితిత్తిలోకి రక్తం దిగదు.

గొంతు బొంగురుపోయి మూడు వారాలైనా తిరిగి రాకపోతే పరుగు అక్కర్లేదు గానీ వాయిదా వేయకూడదు. ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం ఛాతీలోకి దిగి, బృహద్ధమని కింద మలుపు తిరిగి మళ్లీ గొంతులోకి ఎక్కుతుంది. ఆ మలుపు దగ్గర బిళ్ల పడితే గొంతులో ఏ జబ్బూ లేకుండానే మాట పోతుంది. మంచినీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారి దగ్గు వస్తుంటే, బిళ్ల చితికి అన్నవాహికకూ ఊపిరి గొట్టానికీ మధ్య కన్నం పడిందేమో చూడాలి.

మన దగ్గర ఏ జబ్బులకు కడతాయి

టీబీ మొదటిది. పిల్లల్లో అయితే మరీను: ఊపిరితిత్తిలో మచ్చ కంటికి ఆనకపోయినా కుడి పారాట్రాకియల్ గ్రంథి ఉబ్బి కనిపిస్తుంది, పక్కనున్న సన్నటి గొట్టాన్ని నొక్కి ఒక పక్కే పిల్లికూతలు వస్తాయి. రెండు పక్కలా హైలమ్ (ఊపిరితిత్తి మొదలు) గ్రంథులు, వాటితో పాటు కుడి పారాట్రాకియల్ గ్రంథి సమానంగా ఉబ్బి, మనిషి పెద్దగా నలిగిపోకుండా ఉంటే సార్కాయిడోసిస్ (క్రిమి లేకుండానే గ్రంథులు వాచే జబ్బు) అనుకోవాలి. పొగతాగే అలవాటుండి, ఊపిరితిత్తిలో గడ్డతో పాటు బిళ్ల ఉంటే క్యాన్సర్. పడుచువాళ్లలో ముద్దముద్దగా బిళ్లలు, రాత్రిళ్లు పక్క తడిసేంత చెమటలు, బరువు తగ్గడం ఉంటే లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) కూడా జాబితాలో ఉండాలి. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు కూడా గ్రంథులు కొంచెం ఉబ్బుతాయి, గుండె మందుతోనే తగ్గుతాయి.

జాబితాలో మన డెల్టాకు దగ్గరివి రెండున్నాయి. ఏళ్ల తరబడి పుల్లలు, కొబ్బరి డొక్కలు, ఊక పొయ్యి ముందు కూర్చుని వండిన ఆడవాళ్ల గ్రంథుల్లో మసి పేరుకుపోతుంది. ముక్క తీస్తే నల్లగా వస్తుంది, దాన్ని ఆంత్రకోసిస్ అంటారు. ఒక్క సిగరెట్టూ తాగని అరవై ఏళ్ల ఆవిడకి ఊపిరి గొట్టం పక్కన బిళ్లలు కనిపిస్తే, ఏ పొయ్యి మీద వండేవారో అడగకుండా ముందుకెళ్లకూడదు. అయితే మసి దొరికిందని అక్కడితో ఆపకూడదు, అదే బిళ్లలో టీబీ కూడా ఉండొచ్చు.

రెండోది ఫైలేరియా పురుగు వల్ల ఊపిరితిత్తులకొచ్చే ఇసినోఫీలియా. రాత్రిపూట పొడిదగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) మైక్రోలీటరుకు 3000 దాటడం దీని గుర్తులు. కొందరిలో ఛాతీ గ్రంథులు కూడా ఉబ్బుతాయి. మామూలు సీబీపీలోనే ఇది బయటపడుతుంది, మూడు వారాల డీఈసీ మాత్రలతో లొంగుతుంది. సూది దాకా వెళ్లే ముందు ఆ చవక పరీక్ష కాగితం ఒకసారి చూడటం మర్యాద.

ముక్క తీయకముందు పొరపాటున కూడా వాడకూడనివి

ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు. ఊళ్లో ఆయాసానికి ఇచ్చే ఇంజెక్షన్లలో ఇవి తరచుగా ఉంటాయి. లింఫోమా ఉంటే బిళ్ల వారంలో కరిగినట్టై, ముక్క తీసినా పేరు తేలదు, నెల తిరక్కుండా మళ్లీ లేస్తుంది. టీబీ ఉంటే లోలోపల పాకుతుంది. మనిషికి మాత్రం రెండు రోజులు హాయిగా ఉంటుంది, అందుకే మోసపోతారు.

లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ ఇంకోటి. ఇవి టీబీ క్రిమిని సగం చంపి వదిలేస్తాయి. అప్పుడు కళ్లె పరీక్షలో ఏమీ లేదని వస్తుంది, బతికిన క్రిములు ఆ మందుకు మొండికేయడం నేర్చుకుంటాయి. మొండి టీబీకి వాడాల్సిన ఆయుధం కూడా అదే మందు. ఛాతీలో చెమ్మ చేరిందని యాంటీబయాటిక్ తప్పనిసరైతే ఈ కుటుంబం కానిది రాయమని డాక్టరును అడగొచ్చు, అడగడంలో తప్పులేదు.

ముక్క లేకుండా "టీబీ మందు రెండు నెలలు వాడి చూద్దాం" అనడం మూడోది. ముక్క తీయడానికి వీల్లేని మనిషికి పెద్ద డాక్టర్లు ఆలోచించి అలా చేస్తారు. తీయగలిగినప్పుడు అలా చేస్తే, క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఆ రెండు నెలలూ తిరిగిరావు.

పరీక్షల వరస

ముందు కళ్లె. ఏరియా ఆసుపత్రిలోనూ, పీహెచ్‌సీ ద్వారానూ ఉచితంగా చేస్తారు. రెండు నమూనాలివ్వాలి, అందులో ఒకటి పొద్దున లేవగానే పడినది. పళ్లు తోమకముందే నోరు నీళ్లతో పుక్కిలించి, మూడుసార్లు గుండె నిండా గాలి పీల్చి, లోపలినుంచి దగ్గి, కనీసం అర చెంచా చిక్కటి కళ్లె డబ్బాలో వేయాలి. ఆరుబయట నిలబడి చేయాలి, ఇంట్లో పిల్లల ముందు కాదు. పల్చటి ఉమ్మి వేస్తే పరీక్ష వృథా. డబ్బాను ఎండ తగలనీయకుండా అదే రోజు చేర్చాలి. టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష చేయమని అడగండి, ఫలితం గంట రెండు గంటల్లో వస్తుంది, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. చిన్నపిల్లలు కళ్లె మింగేస్తారు కాబట్టి పరగడుపున పొట్టలోంచి గొట్టంతో తీసిన నీటిని పరీక్షిస్తారు. వీటితో పాటే హెచ్‌ఐవీ, షుగర్ పరీక్షలు తప్పనిసరి. షుగర్ అదుపులో లేకపోతే టీబీ పట్టుకోవడమూ తేలికే, వదలకపోవడమూ తేలికే.

కళ్లెలో తేలకపోతే, సూదికి తేలిగ్గా అందే చోటు ఇంకేదైనా ఉందా అని వెతకాలి. ఇది చాలామంది మరిచే అడుగు. వెలుతురులో కూర్చుని మెడ రెండు పక్కలా, మెడ ఎముకల పై గుంటల్లో, చంకల్లో వేళ్లతో తడిమి చూడాలి, మెడకు ఒక అల్ట్రాసౌండ్ తీయిస్తే ఇంకా మంచిది. అక్కడ బిళ్ల దొరికితే దాంట్లోంచే సన్న సూదితోనో చిన్న కోతతోనో ముక్క తీస్తారు. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు ఏ ఊళ్లోనైనా అయ్యే పని అది. ఛాతీ లోపలికి వెళ్లే అవసరం తప్పుతుంది. క్యాన్సర్ అయితే మెడ ఎముక పైన దొరికిన బిళ్ల దశను కూడా ఒక్క దెబ్బతో చెప్పేస్తుంది.

పెట్ స్కాన్ గురించి ఒక మాట. అది మెరిసే చోట్లు చూపిస్తుంది, మెరిసినవన్నీ క్యాన్సర్ కావు. టీబీ బిళ్ల, సార్కాయిడ్ బిళ్ల, మసి బిళ్ల కూడా మెరుస్తాయి. క్యాన్సర్ ఖాయమయ్యాక దశ తేల్చడానికి అది విలువైనది. పేరు తేలకముందే పెట్ తీయించి, మెరిసింది కాబట్టి క్యాన్సరని తీర్మానించుకోవడం తప్పు.

ఈబస్: ఊపిరి గొట్టం లోపలినుంచి ముక్క తీయడం

బయట బిళ్ల లేనప్పుడు ఉన్న మంచి దారి ఈబస్. దాదాపు 7 మి.మీ. మందమున్న గొట్టం చివర చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది. నోట్లోంచి ఊపిరి గొట్టంలోకి దించి, గోడకు ఆనించి, వెనకాల ఉన్న గ్రంథిని తెర మీద చూస్తూ 21 లేదా 22 గేజ్ సూదిని గోడ గుండా పొడుస్తారు. 2, 4, 7, ఊపిరితిత్తి మొదట్లో ఉండే 10, 11 నంబర్ల గ్రంథులు దీనికి అందుతాయి. బృహద్ధమని పక్కనుండే 5, 6 మామూలుగా అందవు. ప్రతి ఊళ్లోనూ ఈ యంత్రం ఉండదు, విశాఖ, విజయవాడ, హైదరాబాద్ లాంటి నగరాలకు వెళ్లాల్సి రావచ్చు. వెళ్లేముందు ఎన్‌టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆసుపత్రిలో ఎంతవరకు వర్తిస్తుందో 104కి ఫోన్ చేసి కనుక్కోండి.

ముందు రోజు చూసుకోవాల్సినవి: గట్టి తిండి ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు. రాజోలు నుంచి తెల్లవారుజామున బయల్దేరేవాళ్లు దారిలో ఇడ్లీ తినేసి వస్తే ఆ రోజుకి పని వాయిదానే, ఎందుకంటే మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల్లో క్లోపిడోగ్రెల్ 5 నుంచి 7 రోజుల ముందు, వార్ఫరిన్ 5 రోజుల ముందు ఆపుతారు. గుండెలో స్టెంట్ ఉంటే గుండె డాక్టరును అడగకుండా సొంతంగా ఆపేయడం ప్రాణం మీదికొస్తుంది. ఆస్పిరిన్‌ను చాలాసార్లు ఆపక్కర్లేదు. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. తిండి లేని పొద్దున షుగర్ మాత్ర, ఇన్సులిన్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది, వాటి సంగతి ముందు రోజే అడగాలి. కట్టుడు పళ్లు తీసేయాలి. వెంట ఒక పెద్దమనిషి ఉండాలి.

గొంతులో లిగ్నోకైన్ చల్లుతారు, చేదుగా ఉండి గొంతు బండబారిపోతుంది. తర్వాత మగతకు మందిస్తారు. అరగంట నుంచి గంట పడుతుంది. దగ్గు వస్తుంది, ఊపిరాడనట్టు అనిపిస్తుంది గానీ ఆక్సిజన్ చూస్తూనే ఉంటారు. ఒక్కో గ్రంథిలో కనీసం మూడుసార్లు సూది ఆడించాలి, ఒక్కసారితో సరిపెడితే ఫలితం తేలకపోయే అవకాశం పెరుగుతుంది.

క్యాన్సర్ దశ తేల్చడానికి చేస్తుంటే ఏ బిళ్లతో మొదలుపెడతారన్నది కూడా లెక్కే. గడ్డకు ఎదుటి పక్క గ్రంథితో మొదలుపెట్టి, తర్వాత అదే పక్క నడిఛాతీ గ్రంథి, చివర గడ్డ దగ్గరి గ్రంథి. తిరగేసి చేస్తే సూదికి అంటిన కణాలు మంచి గ్రంథిలోకి వెళ్లి, లేని దశ ఉన్నట్టు చూపిస్తాయి.

ఇక సీసాలు. ఎంత బాగా ముక్క తీసినా ఇక్కడే చాలా పాడవుతుంది, కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం. సూదిలోంచి వచ్చేది వానపాము పిల్లంత ఎర్రటి పోగు. కొంత గాజు పలకల మీద పూస్తారు. కొంత ఫార్మలిన్ సీసాలో వేస్తారు, దాన్నే మైనపు దిమ్మ చేసి కోసి చూస్తారు. మూడో భాగం ఉత్త సెలైన్‌లో వేయాలి. టీబీ కల్చర్ పెట్టాలంటే ఈ మూడో సీసాయే దిక్కు, ఎందుకంటే ఫార్మలిన్ తగిలిన క్రిమి చచ్చిపోతుంది, చచ్చిన క్రిమి మొలకెత్తదు. పూర్తిగా ఫార్మలిన్‌లోనే వేసేశారంటే ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ పోయినట్టే, సీబీనాట్ కూడా దెబ్బతింటుంది. లింఫోమా అనుమానముంటే కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీకి ఇంకో సీసా కావాలి. లోపలికి తీసుకెళ్లే ముందే "టీబీకి సెలైన్ సీసా విడిగా తీస్తారు కదండీ" అని ఒక్క మాట అడగండి. ఆ సీసాలను చాలాసార్లు మీ చేతికే ఇచ్చి ల్యాబుకు పంపుతారు. ఒక్కో సీసా మీద పేరు, తేదీ, గ్రంథి నంబరు ఉన్నాయో లేదో చూసుకుని, ఆలస్యం చేయకుండా ఇవ్వాలి. సెలైన్ సీసాను మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకూడదు.

అయ్యాక గొంతు తిమ్మిరి వదిలేదాకా, అంటే గంటన్నర రెండు గంటలు, ఏమీ పెట్టకూడదు. ముందు గుక్క నీళ్లు తాగించి, పొలమారకపోతే అప్పుడు తిండి. ఆ రోజంతా బండి నడపకూడదు. కళ్లెలో రక్తపు చార, సాయంత్రం కాస్త జ్వరం మామూలే. మర్నాటికి కూడా చలిజ్వరం తగ్గకపోయినా, ఛాతీలో పోటు, ఆయాసం వచ్చినా వెంటనే తిరిగి రావాలి. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, నడిఛాతీలో చీము పట్టడం అరుదు గానీ జరుగుతాయి.

ఫలితం కాగితం

"నాన్ డయాగ్నస్టిక్" అంటే జబ్బు లేదని కాదు, ముక్క చాలలేదని. లింఫ్ కణాలు బాగా కనిపించి జబ్బు కనబడలేదంటే కొంత నమ్మొచ్చు. అవీ లేకపోతే సూది గ్రంథిలో పడనే లేదు, మళ్లీ తీయాలి. సూదికి లొంగకపోతే, ముఖ్యంగా లింఫోమా అనుమానంలో, మీడియాస్టినోస్కోపీ చేస్తారు. మత్తిచ్చి, మెడ గుంట దగ్గర చిన్న కోత పెట్టి పెద్ద ముక్క తీయడం అది.

"గ్రాన్యులోమా" (కణాలు గుంపుగట్టిన చిన్న ముద్ద) కనిపిస్తే టీబీ, సార్కాయిడ్ రెండూ కావచ్చు. మధ్యలో జున్నులా కుళ్లితే టీబీ వైపు మొగ్గాలి, సీబీనాట్ పాజిటివ్ వస్తే ఖాయం. సీబీనాట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన టీబీ కొట్టేయకూడదు, గ్రంథిలో క్రిములు తక్కువే ఉంటాయి. కల్చరుకు ఆరు వారాల దాకా ఆగాల్సి రావచ్చు.

క్యాన్సర్ అని తేలితే అంకెలు మళ్లీ ముందుకొస్తాయి. గ్రంథుల్లోకి ఎంతదూరం పాకిందో చెప్పే మెట్లే ఎన్2, ఎన్3. కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉండి 4ఆర్‌లో కణాలుంటే ఎన్2, 4ఎల్‌లో ఉంటే ఎన్3. 7 నంబరు ఏ పక్క గడ్డకైనా ఎన్2నే. ఎన్2లో కొందరికి ముందు మందులిచ్చి తర్వాత ఆపరేషన్ ఆలోచిస్తారు, ఎన్3లో సాధారణంగా ఆపరేషన్ దారి మూసుకుపోయి మందులు, రేడియేషన్ మిగులుతాయి. మైనపు దిమ్మను భద్రంగా ఉంచమని చెప్పండి, జన్యు పరీక్షలకు అదే కావాలి.

థైరాయిడ్ క్యాన్సర్‌లో మెడ కింది భాగంలో గొట్టం పక్క గ్రంథులను కూడా తీసేస్తుంటారు. ఆపరేషన్ తర్వాత పెదాల చుట్టూ, వేళ్ల కొనల్లో చీమలు పాకినట్టుంటే కాల్షియం పడిపోయిందని అర్థం. ఆ గ్రంథుల మధ్యే ఉండి కాల్షియంను అదుపులో ఉంచే పారాథైరాయిడ్‌లు దెబ్బతినడం వల్ల అలా అవుతుంది. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

టీబీ అని తేలితే

రెండు నెలలు నాలుగు మందులు, నాలుగు నెలలు మూడు మందులు, రోజూ, బరువును బట్టి. 35 నుంచి 49 కిలోల పెద్దవాళ్లకు మూడు మాత్రలు, 50 నుంచి 64 కిలోలకు నాలుగు. పరగడుపున వేసుకోవాలి. ప్రభుత్వం నుంచి మందు ఉచితం. నిక్షయ్‌లో (ప్రభుత్వ టీబీ నమోదు) పేరు నమోదైతే తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి, 2024 నవంబర్ నుంచే మొత్తం ఇంతకు పెరిగింది. ప్రైవేటులో వాడుతున్నవాళ్లకూ నమోదు హక్కే. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ రంగు మాత్రమే, భయం లేదు. వాంతులు, కళ్లు పచ్చబడటం, రంగులు సరిగా తెలియకపోవడం మాత్రం మందు ఆపి వెంటనే చూపించాల్సినవి. గర్భనిరోధక మాత్రలు, వార్ఫరిన్, కొన్ని షుగర్ మాత్రల పనిని రిఫాంపిసిన్ తగ్గించేస్తుంది. వాడే మందులన్నీ ముందే చూపించాలి.

మొదటి మూడు నెలల్లో కొందరికి బిళ్ల తగ్గడం మానేసి పెరుగుతుంది, జ్వరం తిరగబెడుతుంది. చచ్చిన క్రిముల మీద ఒళ్లు చేసే గొడవ అది చాలాసార్లు. మందు పనిచేయట్లేదని చెప్పాపెట్టకుండా మానేసేది కూడా ఇక్కడే. మానకుండా వెళ్లి, మొండి టీబీ కాదని ఖాయం చేయించుకోవాలి. మందు వాడుతుండగా దగ్గులో సుద్దముక్కలాంటిది పడితే పారేయకుండా చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి, అది సున్నం పట్టి గొట్టంలోకి విరిగిన గ్రంథి ముక్క కావచ్చు.

ఆరు నెలల తర్వాత కూడా సీటీలో చిన్న బిళ్ల మిగలొచ్చు. మనిషి బరువు పెరిగి, జ్వరం దగ్గు పోయి, బిళ్ల ముందుకంటే తగ్గి స్థిరంగా ఉంటే దాన్ని వదిలేయొచ్చు. పోల్చేటప్పుడు పాత సీడీ, కొత్త సీడీ రెండూ ఒకే రేడియాలజిస్టు ముందు పెట్టి, అదే నంబరు గ్రంథిని అదే అడ్డకొలతతో కొలవమని అడగండి. ఒక రిపోర్టులో పొడవు, ఇంకో రిపోర్టులో అడ్డం రాసిన రెండంకెలను పోలిస్తే తగ్గిన బిళ్ల కూడా పెరిగినట్టు కనబడుతుంది.